గాలికి వీపు పెట్టి

మా ఊళ్లో మబ్బు పట్టిన సంగతి ఆకాశం చూడకుండానే తెలిసేది. శౌరమ్మ వాకిట్లో గంపలు బోర్లించడం మొదలుపెట్టిందంటే వాన దగ్గరకొచ్చినట్టే. కోడిపిల్లల మీద ఒక గంప, పొయ్యి మీద ఒకటి, పిడకల మీద ఒకటి. ముందు నుంచీ ఉన్న అలవాటు కాదిది. కిందటేడు ఉప్పెనలో, దివిసీమలో కాపురమున్న పెద్దకూతురు ఇంటితో సహా కొట్టుకుపోయాక పట్టుకుంది. అప్పటి నుంచి తన వాకిట్లో దేని మీదా చినుకు పడనిచ్చేది కాదు. కొడుకు అంతోని ఒకసారి ఎగతాళి చెయ్యబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయాడు.

అదే ఉప్పెన శౌరమ్మ మనవరాలు, అంతోని కూతురు మార్తకి ఇంకో రకం పిచ్చి పట్టించింది. మార్త బెజవాడలో బి.ఎస్‌సి. చదువుతోంది. రోజూ ఉయ్యూరు దాకా నడిచి అక్కడ బస్సెక్కేది. తుఫాను వస్తోందని రేడియో ముందే చెప్పింది. మరి ఆ మాట మేనత్త దాకా ఎందుకు చేరలేదు? చేరినా ‘పశ్చిమ మధ్య బంగాళాఖాతం’ అంటే అత్తకి ఏం అర్థమయ్యేది? ఈ ప్రశ్నలు ఆ పిల్లని తిననిచ్చేవి కావు, పడుకోనిచ్చేవి కావు.

బెజవాడ పక్కనే పటమటలో జానకిరామయ్య గారని, వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు తన ఇంటి వసారాలో, కావాలని వచ్చినవాళ్లందరికీ గాలీ వానా గురించి పాఠాలు చెప్పేవాడు. ఫీజు లేదు. పైగా మజ్జిగ ఇచ్చేవాడు. మార్తకి ఆ సంగతి కాలేజీలో ఎవరో చెప్పారు. ఆ వారం నుంచే, పొద్దున చర్చిలో పూజ కాగానే అన్నం మూట కట్టుకుని పటమట బస్సెక్కడం మొదలుపెట్టింది.

అక్కడ నేర్చుకున్నది కడుపులో దాచుకునే రకం కాదు మార్త. మా ఊరి పాలకేంద్రంలో ఒక నల్లబోర్డు ఉండేది. పాల లారీ ఆలస్యమైతే ఆ ముక్క రాయడానికి తప్ప దానికి వేరే పని లేదు. పాలకేంద్రం ప్రెసిడెంటు సంజీవరావు గారిని అడిగి, ఆ బోర్డులో కింది సగం పుచ్చుకుంది. పొద్దున్నే రేడియోలో విన్నది తేట మాటల్లోకి మార్చి అక్కడ రాసేది. దాని కింద చిన్న అక్షరాలతో: ‘ఆదివారం పటమటలో వాతావరణ పాఠాలు. ఎవరైనా రావచ్చు. మజ్జిగ ఇస్తారు.’

ఊళ్లోవాళ్లు మజ్జిగ సంగతి మాత్రం చదివారు.

“మన ఇంట్లో లేని మజ్జిగా? బస్సెక్కి పటమట పోవాలా తాగడానికి?” అంది ఆదెమ్మ. ఆదెమ్మకి రెండు గేదెలు, ఒక నోరు. మూడూ దండిగానే ఇచ్చేవి.

ఒకరోజు మార్త బోర్డు మీద ‘ఇవాళ వాన పడే అవకాశం పదికి మూడు’ అని రాసింది. పాల క్యాను దించి ఆదెమ్మ అది కూడబలుక్కుని చదివింది.

“పదికి మూడేంటే మార్తా? పది చేలల్లో మూడింటి మీద పడుద్దా? ఆ మూడూ ఎవరివో కూడా రాయి తల్లీ, మిగతావాళ్లం నిమ్మళంగా పడుకుంటాం.”

“అట్టా కాదత్తా. ఇలాంటి రోజులు పది వస్తే, వాటిల్లో మూడు రోజులు...”

“ఇయ్యాళ ఆ మూట్లోదా, ఏడింట్లోదా?”

“అది తెలియదత్తా.”

“మరి తెలిసిందేదో రాయవే!”

నవ్వారందరూ. మార్త కూడా నవ్వింది. నవ్వితే నలుగురూ ఆగి చదువుతారని ఆ పిల్లకి లోలోపల ఒక ఆశ.

వాకిట్లో ఒక వానకొలత కూడా పెట్టుకుంది. గాజు సీసా, దాని మూతికి కిరసనాయిలు గరాటు, పక్కన కొలబద్ద. జానకిరామయ్య గారు చెప్పిన కొలతలకే కట్టింది. రాత్రి పడ్డ వాన ఎంతో పొద్దున చూసి బోర్డు మీద రాసేది. దానితోనే పరువు పోయింది.

దసరాలు వెళ్లిన కొత్తలో ఒక రాత్రి కుండపోతగా కురిసింది. తెల్లారి సీసా చూస్తే అడుగున చెమ్మ తప్ప ఏమీ లేదు. మార్తకి అనుమానం వచ్చింది. కానీ సీసా చెప్పింది సీసా చెప్పినట్టు రాయాలని కదా మాస్టారు చెప్పింది. ‘రాత్రి వాన: నామమాత్రం’ అని రాసింది. మోకాళ్ల దాకా చీరలెత్తి కట్టుకుని, బురదలో ఈదుకుంటూ పాలు తెచ్చిన జనం ఆ బోర్డు చూశారు.

“నామమాత్రమంట!” అని ఆదెమ్మ క్యాను అక్కడే పెట్టేసింది. “నా గేదె కడుపు దాకా మునిగిందే తల్లీ. నీ సీసాకి గొడుగేమైనా పట్టారా?”

ఆదెమ్మ ఊరికే అన్న మాట అది. నిజం అక్కడికి కాస్త పక్కనే ఉంది.

నాలుగు రోజుల తర్వాత కాలేజీ లేక మార్త ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం మబ్బు కమ్మింది. శౌరమ్మ దిగ్గున లేచి కోళ్లకి గంప, పొయ్యికి గంప, పిడకలకి గంప వేసింది. చివరగా ఒక కొత్త గంప తెచ్చి, పసిబిడ్డకి దుప్పటి కప్పినంత జాగ్రత్తగా గరాటు మీద బోర్లించింది.

“నాయనమ్మా! అదేంటి?”

“ఏంటేంటి? గాజుది కదే, కాలేజీ సామాను. తడిస్తే పాడైపోదూ?”

“రోజూ కప్పుతున్నావా?”

“వాన మొదలైనప్పుడల్లా కప్పుతున్నా, వెలిశాక తీస్తున్నా. రాత్రుళ్లు కూడా లేస్తున్నాలే. చదువుకునే పిల్లవి, ఇంత చిన్న పనికి నిన్నెందుకు లేపాలని.”

మార్త గడప మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ల నీళ్లు పెట్టుకుంది. అందులో కొన్ని నవ్వుకి సంబంధించినవి కావు.

“తడవడమే దాని పని నాయనమ్మా.”

“తడిసేది చేలూ గొడ్లూనూ. సీసాకేం పనే తడవడానికి?” అంది శౌరమ్మ. గంప మాత్రం తీసింది. తీసి, గరాటులో పడే మొదటి చినుకుల్ని చూడలేక లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం మార్త ఈ సంగతి చెబితే జానకిరామయ్య గారు మజ్జిగ పొలమారేంతగా నవ్వారు. తర్వాత కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు:

“మరి బోర్డు మీద రాశావా?”

“ఏమని రాయనండీ?”

“తప్పని. ముందు రాసింది ఎక్కడ చదివారో, ఇదీ అక్కడే చదవాలి కదమ్మా.”

సోమవారం పొద్దున మార్త రాసింది: ‘ఇన్నాళ్లూ నేను రాసిన వాన కొలతలు తప్పు. వాన పడేటప్పుడు సీసా మీద గంప ఉంది. చూసుకోకపోవడం నా పొరపాటు.’

ఆదెమ్మ చదివింది. ఈసారి వెంటనే నవ్వలేదు.

“గంప ఎవరిదో రాయలేదేం?”

“బోర్డు మీద చోటు చాల్లేదత్తా.”

ఊరికి ఆ గంప ఎవరిదో తెలుసు. ఎందుకు బోర్లిస్తుందో కూడా తెలుసు. ఆ రోజు పాలకేంద్రంలో ఎవరూ ఇక ఆ మాట ఎత్తలేదు.

ఇక అసలు పరీక్ష కార్తీకం వెళ్లాక వచ్చింది. చేలు బంగారు రంగు తిరిగాయి. అంతోనిది సంజీవరావు గారి దగ్గర కౌలు చేను. కిందటేడు ఉప్పెన గాలికి గింజ ఇంటికి రాలేదు. ఈసారి కూడా రాకపోతే మార్త చదువు మాన్పించి కూలికి పంపడం తప్ప దారి లేదని, ఆ మాట ఎవరూ పైకి అనకపోయినా, ఇంట్లో ముగ్గురికీ తెలుసు. సరిగ్గా కోతలు మొదలయ్యే వేళకి రేడియో బంగాళాఖాతంలో వాయుగుండం అని చెప్పింది.

రేడియో చెప్పింది ఇంత: గుండం ఉత్తరంగా కదులుతోంది, ఉత్తర కోస్తాలో తీరం దాటవచ్చు, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వానలు పడతాయి, జాలర్లు సముద్రంలోకి వెళ్లొద్దు. ఈ మాటలు రేడియో నుంచి రచ్చబండకి, అక్కడి నుంచి పాలకేంద్రానికి వచ్చేసరికి ‘మళ్లీ ఉప్పెనంట’ అయి కూర్చున్నాయి. తెల్లారేసరికి కొందరు మూటలు కట్టారు. సంజీవరావు గారు చుట్టుపక్కల దొరికిన కూలీలందర్నీ పోగేశారు. కొడవళ్లు పట్టుకుని వాళ్లంతా పాలకేంద్రం ముందు నిలబడ్డారు.

“అంతోనీ, నీ చేనూ నా చేనూ పక్కపక్కనేగా. కలిపి కోయించేస్తా. కోసి పడేస్తే గాలికి పడిపోద్దన్న బాధ ఉండదు. ఊఁ అను, రేపు కావాలన్నా మనుషులు దొరకరు,” అన్నారు సంజీవరావు గారు. మంచికే అన్నారు.

అంతోని నోరు తెరిచేలోపు మార్త అందుకుంది. “ఇప్పుడు కొయ్యకూడదండీ.”

కూలీలు తలలు తిప్పి చూశారు.

“కోసిన పనలు ఎండడానికి రెండు మూడు ఎండలు కావాలి కదండీ. ఇవాళ కోస్తే వాన వాటి మీదే పడుద్ది. మడిలో నీళ్లు నిలిస్తే పనలు నాని మొలకలొస్తాయి. నిలబడ్డ చేను తడిసినా, ఎండొస్తే ఆరుద్ది. ఇప్పటికే కోసి ఎండినవి ఉంటే కుప్పలెయ్యండి. మురుగు బోదెలు తెరవండి. కోత మాత్రం ఆపండి.”

“గాలి గట్టిగా వీస్తే?”

“వీస్తే చేను పడిపోద్దండీ.”

“అదీ! మరి వీస్తుందా, వీయదా? గుండం ఇటొస్తుందా, రాదా? ఒక్క మాట చెప్పు అమ్మాయ్, నేను కూలీల్ని పంపించేస్తా.”

మార్త తండ్రి వైపు చూసింది. ‘రాదు’ అంటే సరిపోయేది. అందరూ ఆ మాట కోసమే నోళ్లు తెరుచుకుని ఉన్నారు.

“ఒక్క మాటలో చెప్పేంత నాకు తెలియదండీ. రేడియో ఉత్తరానికి పోతుందంటోంది. పోతుందో లేదో మనమే చూసుకోవచ్చు. మాస్టారు నేర్పారు. గాలికి వీపు పెట్టి నిలబడి, ఎడమ చెయ్యి పక్కకి చాపండి. గుండం ఇంచుమించు ఆ దిక్కున ఉంటుంది.”

తనే ముందు నిలబడింది. గాలి ఈశాన్యం నుంచి వస్తోంది. వీపు దానికి పెట్టి చెయ్యి చాపితే ఆగ్నేయం చూపించింది. బందరు దిక్కు, ఆ పైన సముద్రం.

“ఇది గుర్తు పెట్టుకోండి. గుండం ఉత్తరానికి పోతుంటే సాయంత్రానికి ఈ చెయ్యి తూర్పుకి, బంటుమిల్లి వైపు తిరగాలి. తర్వాత ఈశాన్యానికి, కైకలూరు వైపు. అట్టా తిరగకుండా బందరు దగ్గరే ఆగిపోయి, గాలి పెరుగుతుంటే మాత్రం మన మీదకే వస్తున్నట్టు. అప్పుడు చేను సంగతి వదిలేసి, పిల్లల్నీ ముసలాళ్లనీ తీసుకుని బడి బిల్డింగులోకి పోదాం. బడి తాళాలు ఇప్పుడే తీయించి పెట్టండి. సాయంత్రం రేడియో కూడా విని బోర్డు మీద రాస్తాను.”

ముందుగా ఆదెమ్మ క్యాను కింద పెట్టి గాలికి వీపు తిప్పింది. చెయ్యి చాపి, “బందరే,” అంది. ఒకరి తర్వాత ఒకరు తిరిగారు. కొడవళ్లు పట్టుకున్న కూలీలు, తలపాగాలు చుట్టుకున్న రైతులు అందరూ ఒకే వైపు చేతులు చాపి నిలబడితే, అప్పుడే వచ్చిన పాల లారీ డ్రైవరు ఊరంతా కలిసి తనని పొమ్మంటోందనుకుని ఇంజను ఆపలేదు.

“అంతోనీ, నీ మాటేంటి?” అన్నారు సంజీవరావు గారు.

“కొయ్యొద్దులెండి.”

“నీ కూతురు చెప్పిందనా?”

“గంప సంగతి రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదండీ. రాసింది. తెలియనిది తెలియదనే చెబుద్ది మా పిల్ల. నా చేను ఉండనీయండి.”

సంజీవరావు గారు ‘నీ ఇష్టం’ అన్నట్టు తల ఊపి, తన చేలో కోత మొదలుపెట్టించారు. అంతోని పలుగూ పారా తీసుకుని బోదెలు తెరవడానికి వెళ్లాడు.

మధ్యాహ్నానికి సన్నటి జల్లు మొదలైంది. కూలీలకి మంచినీళ్లు తీసుకుని గట్టు మీద వస్తున్న ఆదెమ్మకి సంజీవరావు గారు కనిపించారు. చేను చివర, ఎవరూ చూడని చోట, గాలికి వీపు పెట్టి ఎడమ చెయ్యి చాపి నిలబడి ఉన్నారు. ఆదెమ్మని చూసి చెయ్యి గబుక్కున దించారు.

“చెయ్యి తిమ్మిరెక్కితేనూ...” అన్నారు.

“ఏ ఊరి వైపు ఎక్కిందండీ తిమ్మిరి?”

ఆయన నవ్వేశారు. “బందరు దాటిందే ఆదెమ్మా. బంటుమిల్లి వైపు జరుగుతోంది.” అక్కడితో కోత ఆపించారు. కోసిన నాలుగు మళ్లూ తడిసిపోయాయి. ఆ పనలు గట్ల మీదకి ఎత్తించారు. మిగతా చేనంతా నిలబెట్టి బోదెలు తీయించారు.

సాయంత్రం మార్త బోర్డు మీద రాసింది: ‘రేడియో: గుండం ఉత్తరంగా పోతోంది. మన చెయ్యి: బంటుమిల్లి. రాత్రికి వాన తప్పదు. బడి తలుపులు తీసే ఉన్నాయి.’ మూటలు కట్టినవాళ్లలో సగం మంది విప్పారు. మిగతా సగం బడికి వెళ్లారు. మార్త వాళ్లని వద్దనలేదు. తనే లాంతరు ఇచ్చి పంపింది.

చీకటి పడ్డాక వాన ఊపందుకుంది. తాటాకు మీద చప్పుడికి మాట వినపడడం లేదు. అంతోని చూరు కింద నిలబడి, కనపడని చేను వైపు చూస్తున్నాడు. శౌరమ్మ అలవాటు ప్రకారం కోళ్లకి గంప వేసింది, పొయ్యికి వేసింది, పిడకలకి వేసింది. నాలుగో గంప చేతిలో పట్టుకుని సీసా ముందు ఆగింది. మార్త గడపలోంచి చూస్తూనే ఉంది.

ముసలిది ఆ గంపని తన నెత్తి మీదే బోర్లించుకుని అరుగు మీద చతికిలబడింది. జపమాల తీసి, గరాటులోకి దూకుతున్న నీళ్ల వైపు చూస్తూ గింజలు తిప్పసాగింది.

“లోపలికి రా నాయనమ్మా, తడుస్తావు.”

“దాన్ని ఒక్కదాన్నే వదిలి ఎట్టా రానే? ఎవరన్నా వచ్చి కప్పేస్తే?”

తెల్లవారుజామున ఎప్పుడో మార్తకి కునుకు పట్టింది. మళ్లీ లేచేసరికి వాన సన్నబడింది. వాకిట్లోంచి శౌరమ్మ గొంతు వినపడుతోంది.

“అబ్బ, ఈ మడ్డి కంపేంటే పొద్దున్నే!”

ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ మా ఊరికి వాయవ్యంగా ఉంటుంది. గాలి అటు నుంచి తిరిగిందంటే చెరకు మడ్డి వాసన ఊరంతా నిండుతుంది. మామూలు రోజుల్లో ఆ వాసనకి కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకుని విసుక్కుంటాం.

మార్త ఒక్క గెంతులో వాకిట్లో పడింది. గాలికి వీపు పెట్టింది. ఎడమ చెయ్యి చాపింది. కైకలూరు.

“నాన్నా! తిరిగింది! గుండం మనల్ని దాటిపోయింది!”

అంతోని అప్పటికే చేలో ఉన్నాడు. మార్త పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేను ఒక పక్కకి వాలింది, నిద్రలో మనిషి ఒత్తిగిల్లినట్టు. పడిపోలేదు. ఒక మూల కాస్త పడుకుంది, అంతే. బోదెలోంచి నీళ్లు గలగలా కాలవలోకి పోతున్నాయి. అంతోని ఒక కంకి దూసి, గింజ నోట్లో వేసుకుని కొరికి చూశాడు.

“ఆదివారం పటమట పోతావుగా?” అన్నాడు.

“పోతా నాన్నా.”

“మాస్టారికి నాలుగు దోసకాయలు పట్టుకెళ్లు.” మొహం పక్కకి తిప్పుకుని ఇంకో గింజ కొరికాడు.

ఇంటికొచ్చేసరికి శౌరమ్మ సీసాని అటూ ఇటూ కదలకుండా రెండు చేతుల్తో పట్టుకుని ఎదురు చూస్తోంది. నీళ్లు సగం పైకి వచ్చాయి. మార్త కొలబద్ద చూసి లెక్క చెప్పింది.

“ఇది నిజమేనా? తప్పులేం లేవుగా?”

“నువ్వే కాపలా ఉన్నావుగా నాయనమ్మా.”

“అయితే ఆ ముక్క కూడా రాయి.”

పాలకేంద్రంలో ఆ పొద్దు ఎవరూ క్యాన్లు దించుకుని తొందరగా వెళ్లలేదు. బోర్డు చుట్టూ మూగారు. కొందరు చెయ్యి చాపి చూసుకుని, మళ్లీ చాపి చూసుకుంటున్నారు. మడ్డి వాసన గుండెల నిండా పీలుస్తున్నారు. సంజీవరావు గారు సుద్దముక్క తనే తెచ్చి ఇచ్చారు. మార్త గుండం సంగతి రాసింది, వాన కొలత రాసింది. దాని కింద: ‘రాత్రంతా సీసా దగ్గర కాపలా: శౌరమ్మ.’

“ఇయ్యాళ చోటు సరిపోయిందే!” అంది ఆదెమ్మ.

మార్త నవ్వి, కింద మిగిలిన జాగాలో మామూలుగా రాసే ఆదివారం పాఠాల మాట రాయబోయింది. ఆదెమ్మ ఖాళీ క్యాను చంకన పెట్టుకుని, వెళ్లబోతూ వెనక్కి తిరిగింది.

“ఏవే, ఆ మాస్టారు మజ్జిగలో ఉప్పేస్తాడా, నేనే పట్టుకురావాలా?”